చర్మాన్ని ఒలిచే ఆమ్లాలు

మచిలీపట్నానికి చేరువనున్న పెడనలో అద్దకం పనివారు నూలుగుడ్డను తెల్లబరచే పద్ధతి చాలా పాతది. గుడ్డను పేడనీళ్ళలో నానవేస్తారు. పిండి ఎండలో పరుస్తారు. ఆరుతున్నకొద్దీ నీళ్ళు చల్లుతారు. కొన్ని దినాలు ఇట్లు జరిగేసరికి కోరాగుడ్డలోని పసుపుచాయ పోయి తెలుపు తేలుతుంది. ఎండ, తేమ, గాలిలోని ఆమ్లజని కలిసి నూలులోని సహజమైన రంగును విరగగొడతాయి. కాని అదే ఎండలో గుడ్డను పరచిన మనిషి వీపు మాత్రం నల్లబడుతుంది.

ఒకే సూర్యకాంతి గుడ్డను తెల్లబరచి, మనిషిని నల్లబరచటానికి కారణమేమి? గుడ్డ ప్రాణంలేనిది. దానిలోని రంగు ఒకసారి విరిగితే మళ్ళీ పుట్టదు. చర్మం ప్రాణమున్నది. దెబ్బ తగిలినప్పుడు తన్ను తాను కాచుకొనటానికి అది రంగును తయారు చేసుకొంటుంది. ఈ భేదాన్ని మరచి చర్మాన్ని గుడ్డవలె చలువ చేయబోయినవారు పలుమార్లు నష్టపడ్డారు. ఈ భేదాన్ని గుర్తించి నడచుకొన్న వైద్యుల చేతిలో అదే పని ఒక చికిత్సగా రూపొందింది. దానినే నేడు కెమికల్ పీల్ అంటున్నారు. తెలిసిన బలంగల ఆమ్లాన్ని ముఖంమీద పూసి, లెక్కించిన కాలం ఉంచి, చర్మం పైపొరను ఊడిపోనిచ్చి, ఆ స్థానంలో కొత్తపొర ఎదిగేటట్లు చేయటమే ఈ చికిత్స. మొటిమలు విడిచిన మచ్చలను, మంగును, చర్మపు గరుకుదనాన్ని తగ్గించటానికి దీనిని వాడుతారు.

చర్మంలో రెండు ముఖ్యమైన పొరలున్నాయి. పైది బాహ్యచర్మం, లోపలిది అంతశ్చర్మం. ముఖంమీద బాహ్యచర్మం మందం సుమారు మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. దాని అడుగున కొత్త కణాలు పుడుతూ, పైకి జరుగుతూ, క్రమంగా చనిపోయి, పలుచని పొలుసులుగా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రంగును తయారుచేసే కణాలు ఉండేది బాహ్యచర్మపు అట్టడుగు వరుసలో. అవి తయారుచేసే పదార్థం మెలనిన్. తెల్లవారిలోను, నల్లవారిలోను ఈ కణాల సంఖ్య ఇంచుమించు సమానమే. మెలనిన్ రేణువుల పరిమాణంలోను, అవి చర్మంలో పరచుకొనే తీరులోను తేడా ఉంటుంది. కాబట్టి పైనున్న మృతకణాలను ఎంతగా ఒలిచినా పుట్టుకతో వచ్చిన రంగు మారదు. పేరుకొన్న మచ్చలు తగ్గుతాయి, చర్మం నునుపెక్కుతుంది. చికిత్సకు హద్దు అక్కడే ఉన్నది.

రసాయనంతో చర్మాన్ని కాల్చి బాగుచేయవచ్చుననే ఊహ భారతదేశానికి కొత్తది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో పదకొండవ అధ్యాయమంతా క్షారాలను గురించినదే. కొన్ని చెట్ల బూడిదను నీటిలో కలిపి, వడపోసి, కాచి క్షారాన్ని తయారుచేసే విధానం అందులో ఉన్నది. మృదువు, మధ్యమం, తీక్ష్ణం అని క్షారాన్ని మూడు బలాలుగా విభజించారు. క్షారం పూయదగిన రోగాలలో తామర, పులిపిరివంటి వాటితోపాటు ముఖాన వచ్చే నల్లమచ్చ అయిన వ్యంగం పేరు కూడ కనిపిస్తుంది. పూసిన తరువాత నూరు మాటలు పలికేటంతసేపు ఆగాలని అందులో చెప్పబడినది. సరిగా కాలిన గుర్తులు ఏవో, చాలకపోయిన గుర్తులు ఏవో, మితిమీరిన గుర్తులు ఏవో విడివిడిగా వర్ణింపబడినాయి. అన్నింటికన్న గమనింపదగినది విరుగుడు. పని ముగిసిన తరువాత పుల్లని ద్రవ్యాలతో క్షారాన్ని శమింపజేయాలని, పులుపు కలిసినప్పుడు క్షారపు తీక్ష్ణత పోతుందని ఆ గ్రంథం వివరిస్తుంది. ఆమ్లక్షారాల తటస్థీకరణమని హైస్కూలు విద్యార్థులు నేర్చుకొనే చర్య ఇదే.

ఎంత బలం, ఎంతసేపు, ఏది విరుగుడు అనే ఈ మూడు ప్రశ్నలే చర్మాన్ని ఒలిచే చికిత్సకు పునాది. మచిలీపట్నం అద్దకపువారు తమ పనిలో ఇటువంటి లెక్కనే పాటించారు. వారి నల్లరంగుకు మూలం బెల్లపునీటిలో తుప్పు ఇనుమును కొన్ని దినాలు ఊరవేయగా వచ్చే ద్రవం. బెల్లం పులిసి ఆమ్లంగా మారి ఇనుమును కరగిస్తుంది. ఆ ద్రవం కరక్కాయలోని పదార్థంతో కలిసినచోట గుడ్డమీద నల్లగీత పుడుతుంది. ఈ ద్రవం మరీ గాఢమైతే గీత ఉన్నచోటనే కాలక్రమాన నూలు పెళుసై చిరుగుతుంది. రంగును పట్టించే రసాయనమే కొలత తప్పితే గుడ్డను తింటుంది.

ఇంటింటా వాడే పదార్థాలలో కూడ ఆమ్లాలున్నాయి. కృష్ణా డెల్టాలో పెళ్ళిళ్ళలో నలుగు పెట్టటం నేటికీ ఉన్న ఆచారం. పిండి గరుకుదనంవల్ల మృతకణాలు రాలటం రాపిడితో జరిగే పని. దానిలో పెరుగు కలిపినప్పుడు కొద్దిగా ఆమ్లం కూడ చేరుతుంది. పెరుగును పులియజేసేది లాక్టిక్ ఆమ్లం. దీనిని 1780లో స్వీడన్ రసాయనవేత్త షీలే పులిసిన పాలనుండి వేరుచేశాడు. పెరుగులో ఇది సుమారు నూటికి ఒక పాలు మాత్రమే ఉంటుంది. డాక్టర్లు వాడే ద్రావణాలలో దానికి అనేక రెట్లు అధికం. అందుచేత పెరుగు ముఖాన్ని మెత్తబరచగలదే కాని ఒలవలేదు.

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థానాన్ని నెలకొల్పింది. ఇక్కడి అద్దకపు గుడ్డలు ఓడలెక్కి ఐరోపా చేరాయి. వాటి ఎర్రరంగు తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరునుండి వచ్చేది. పందొమ్మిదవ శతాబ్దంలో విద్య ఎదురు దిశలో ప్రయాణం చేసింది. జర్మనీ రసాయనవేత్తలు బొగ్గు తారును శోధించి, చిరివేరులోని రంగుపదార్థమైన అలిజరిన్‌ను 1869 నాటికి కృత్రిమంగా తయారుచేశారు. చిరివేరు సాగుకు అది గొడ్డలిపెట్టయింది. అదే బొగ్గు తారునుండి 1834లో రుంగే అనే రసాయనవేత్త ఫినాల్‌ను వేరుచేశాడు. కార్బాలిక్ ఆమ్లమని దీనికి మరొక పేరు. లిస్టర్ దీనిని 1865లో పుండ్లు చీము పట్టకుండ వాడటం మొదలుపెట్టాడు. కొద్దికాలానికే చర్మవైద్యులు దీనిని చేపట్టారు.

వియన్నా నగరంలో హెబ్రా అనే ప్రసిద్ధ చర్మవైద్యుడు 1874 ప్రాంతంలో ముఖపు మచ్చలను తొలగించటానికి ఫినాల్‌ను, నేపాళపు నూనెను ప్రయోగించాడు. మన వైద్యులు తీవ్రవిరేచనానికి వాడే నేపాళమే ఇది. దాని నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. 1882లో హాంబర్గు నగరపు చర్మవైద్యుడు ఉన్నా శాలిసిలిక్ ఆమ్లం, రిసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం అనే నాలుగింటి గుణాలను వర్ణించాడు. ఈ నాలుగు నేటికీ చర్మవైద్యుల ఎరుకలో ఉన్నవే. శాలిసిలిక్ ఆమ్లం నూనెలో కరుగుతుంది, కాబట్టి జిడ్డు నిండిన రంధ్రాలలోకి చొరబడి మొటిమలకు పనికివస్తుంది. ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం చర్మంలోని మాంసకృత్తులను గడ్డకట్టించి, మంచు పట్టినట్లు తెల్లని పొరను కలిగిస్తుంది. ఆ తెలుపు ఎంత చిక్కగా ఉన్నదో చూచి, ఆమ్లం ఎంత లోతుకు దిగినదో వైద్యులు అంచనా వేస్తారు.

ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో ఈ విద్య అమెరికాకు చేరింది. మెకీ అనే వైద్యుడు మొటిమల గుంటలకు 1903నుండి ఫినాల్ వాడుతూ, తన అనుభవాన్ని 1952లో ప్రకటించాడు. ఈ మధ్యకాలంలో లాస్ ఏంజిలిస్ వంటి నగరాలలో వైద్యవిద్య లేని కొందరు తమ మిశ్రమాలను రహస్యంగా ఉంచి, ధనికుల ముఖాలను ఒలుస్తూ వచ్చారు. రహస్యమున్నచోట పరీక్షకు తావులేదు. 1961, 1962 ప్రాంతంలో బేకర్, గోర్డన్ అనే శస్త్రవైద్యులు ఫినాల్, నేపాళపు నూనె, సబ్బు, నీరు కలిసిన తమ మిశ్రమాన్ని పాళ్ళతో సహా బహిరంగంగా ప్రకటించారు. నలుగురూ పరీక్షించి చూచేందుకు అప్పుడు వీలు కలిగింది. ఫినాల్ చర్మంద్వారా రక్తంలో చేరి గుండె లయను తప్పించగలదని, అందుచేత ముఖాన్ని భాగాలుగా విభజించి, మధ్యమధ్య వ్యవధి ఇస్తూ, గుండెను కనిపెట్టుతూ పూయాలని వైద్యులు నేర్చుకొన్నారు.

మెత్తని ఆమ్లాల యుగం 1974లో మొదలయింది. వాన్ స్కాట్, యూ అనే అమెరికా శాస్త్రజ్ఞులు గ్లైకాలిక్, లాక్టిక్ వంటి ఆమ్లాలు చర్మపు మృతకణాలమధ్య పట్టును సడలిస్తాయని చూపించారు. వీటిలో గ్లైకాలిక్ ఆమ్లం చెరుకురసంలో స్వల్పంగా ఉంటుంది. దివిసీమ ముఖద్వారమైన చల్లపల్లికి సమీపాన లక్ష్మీపురంలో చక్కెర మిల్లు ఆడిన రోజులలో బండ్లకొద్దీ వచ్చిన చెరుకులో ఈ ఆమ్లపు జాడ ఉన్నదన్నమాట. అయితే డాక్టరు సీసాలోని గ్లైకాలిక్ ఆమ్లం చెరుకునుండి తీసినది కాదు. అది కర్మాగారంలో తయారయినది. నూటికి 20 పాళ్ళు మొదలు 70 పాళ్ళవరకు బలంగల ద్రావణాలు వాడుకలో ఉన్నాయి. దీనిని కొన్ని నిమిషాలు మాత్రమే ఉంచి, వంటసోడా జాతి ద్రావణంతో శమింపజేస్తారు. క్షారానికి పులుపు విరుగుడని సుశ్రుతసంహిత చెప్పగా, ఇక్కడ పులుపుకు క్షారం విరుగుడయింది.

ఇంతవరకు జరిగిన పరిశోధనలో ఒక లోటున్నది. వియన్నాలోను, హాంబర్గులోను, అమెరికాలోను వైద్యులు లెక్కలు కట్టినది ఎక్కువగా తెల్లని చర్మంమీద. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే వైద్యుడు ఎండకు కమలే తీరునుబట్టి చర్మాలను తరగతులుగా విభజించినప్పుడు, మొదట తెల్లవారికి నాలుగు తరగతులు మాత్రమే ఉండేవి. గోధుమవన్నె, నల్లవన్నె చర్మాలకు అయిదవ, ఆరవ తరగతులు తరువాత చేరాయి. భారతీయులలో ఎక్కువమంది నాలుగవ, అయిదవ తరగతులలోనివారు.

ఈ తేడా చికిత్స ఫలితాన్నే మార్చివేస్తుంది. గుడివాడ ప్రాంతపు వరిచేలలో నాట్లు వేసేవారిని, నాగాయలంక తీరాన వలలు లాగేవారిని వారి మెలనిన్ ఎండతాకిడినుండి చాలవరకు కాపాడుతుంది. కాని ఆ రంగుకణాలు మిక్కిలి చురుకైనవి. దోమకాటు మానినచోట, మొటిమ గిల్లినచోట నల్లమచ్చ నెలలతరబడి నిలిచి ఉండటం ప్రతివారూ చూచినదే. వాపు, మంట కలిగినచోట రంగుకణాలు రెచ్చిపోయి మెలనిన్‌ను అధికంగా తయారుచేస్తాయి. మచ్చను పోగొట్టుటకై పూసిన ఆమ్లమే మితిమీరి మంట కలిగిస్తే, అదివరకు లేని మచ్చను తెచ్చిపెడుతుంది. మంగు తగ్గాలని వచ్చిన మనిషి అంతకన్న నల్లని ముఖంతో మిగిలిపోవచ్చు.

భారత వైద్యులు ఈ లోటును తమ అనుభవంతో పూరించుకొన్నారు. చర్మవైద్యుల అఖిలభారత సంఘం 2008లో కెమికల్ పీల్ చికిత్సకు ప్రామాణికమైన సూత్రాలను ప్రకటించింది. వాటి సారం ఇది: శిక్షణ పొందిన వైద్యుడే చేయాలి. అంతశ్చర్మం లోతుకు దిగే తీవ్రమైన పద్ధతి భారతీయుల చర్మానికి తగదు. తక్కువ బలంతో మొదలుపెట్టి, వారాల వ్యవధితో పలుమార్లు చేయటం మేలు. రెండు మొదలు నాలుగు వారాల ముందుగా పూతమందులతో చర్మాన్ని సిద్ధం చేయాలి. తరువాత ఎండనుండి కాపాడుకొనాలి. పుండ్లు, అంటురోగం ఉన్నవారితోపాటు, తీరని ఆశలతో వచ్చినవారికి కూడ చికిత్స చేయరాదని ఆ సూత్రాలలో ఉన్నది. పుట్టురంగును మార్చమని అడిగేవారు ఈ చివరి కోవలోనివారు.

వైద్యులు ఇంత జాగ్రత్త పాటించే ఆమ్లాలు నేడు ఇంటికే సీసాలలో వస్తున్నాయి. సీసామీద ముద్రించిన పాళ్ళు బలాన్ని పూర్తిగా తెలుపవు. ఆ ద్రావణం ఎంత పుల్లనిదో, అంటే దాని పి.హెచ్. ఎంతో, దానినిబట్టి కూడ చర్మంలోకి దిగే లోతు మారుతుంది. ఫెయిర్‌నెస్ పేరుతో డాక్టరు చీటీ లేకుండ కొనే కొన్ని పూతలలో స్టిరాయిడ్లు ఉంటాయి. అవి మొదట వన్నె తెచ్చినట్లు కనిపించి, తరువాత చర్మాన్ని పలుచబరచి ఎర్రగా మండిస్తాయి. నిమ్మరసం పెరటిలోనిదే కదా అని ముఖానికి రాసుకొని ఎండలోకి పోవటమూ ప్రమాదమే. నిమ్మజాతి రసాలలోని కొన్ని పదార్థాలు సూర్యకాంతితో కలిసి చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు విడుస్తాయి.

పాఠశాల ప్రయోగశాలలో దీనిని కొంత చూపవచ్చు. ఒక గాజుగ్లాసులో నిమ్మరసం పోసి, నీలి లిట్మస్ కాగితం ఎర్రబడటం చూపి, వంటసోడాను కొద్దికొద్దిగా కలుపుతూపోతే, పొంగు ఆగేసరికి పులుపు శమించి ఉంటుంది. విరుగుడు అంటే ఏమిటో విద్యార్థికి అప్పుడు కంటికి కనిపిస్తుంది. ఆమ్లాన్ని పరీక్షింపవలసినది గాజుగ్లాసులోనే కాని ముఖంమీద కాదని చెప్పటానికి అదే తగిన సమయం.

మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమయింది. రేపు అక్కడ చదివి బయటకు వచ్చే వైద్యుడు ముఖం ఒలిచే ఆమ్లాన్ని చేపట్టినప్పుడు అతని ముందుండేవి పాత ప్రశ్నలే: ఎంత బలం, ఎంతసేపు, ఏది విరుగుడు? వీటికి నాలుగవ ప్రశ్నను నిన్నటి తరాల అనుభవం చేర్చింది: ఇది ఎవరి చర్మం? పెడన కాలువగట్టున గుడ్డ ఆరవేసేవాని వీపు ఆ ప్రశ్నకు ఏనాటినుండో సమాధానం చెబుతూనే ఉన్నది.