కొమ్ము పిడి ఉస్తరా: ఎలా చేస్తారు, ఎలా మెరుగుపెడతారు, ఎలా కాపాడుకోవాలి

మడత ఉస్తరా కొనేవాళ్లు ముందు చూసేది బ్లేడునే. ఉక్కు ఏది, పదును ఎంత అని అడుగుతారు. పిడి గురించి అడిగేవాళ్లు తక్కువ. నిజానికి ఆ పదును నాలుగు రోజులు నిలవాలన్నా, మడిచేటప్పుడు వేలు తెగకూడదన్నా భారమంతా పిడి మీదే ఉంటుంది. మడిచినప్పుడు బ్లేడు రెండు పలకల మధ్య సరిగ్గా నడిమికి వచ్చి కూర్చోవాలి. పలక ఒక్క మిల్లీమీటరు వంగినా పదునైన అంచు దానికి తగులుతుంది. అంతసేపు సానపట్టిన అంచు అక్కడే చెడిపోతుంది.

అందుకే పాత కారీగర్లు కొమ్ము పిడి విషయంలో తొందరపడేవారు కాదు. దుకాణాల్లో ప్లాస్టిక్, స్టీలు పిడులు వచ్చాక ఈ పని చాలావరకు తగ్గిపోయింది. కానీ తాతల నాటి ఉస్తరా ఇంట్లో ఉన్నవాళ్లకు, చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్లకు దీని గురించి తెలిసి ఉండటం ఇప్పటికీ అవసరమే.

కొమ్ము అంటే ఏమిటి?

గేదె, ఆవు, గొర్రె, మేక కొమ్ములు పైకి రాయిలా గట్టిగా కనిపిస్తాయి. పై తొడుగు మాత్రం ఎముక కాదు. మన గోళ్లు, వెంట్రుకలు ఏ పదార్థంతో తయారవుతాయో ఆ కెరాటిన్‌తోనే అది తయారవుతుంది. లోపల ఎముక గుజ్జు ఉంటుంది. నీళ్లలో కొన్ని వారాలు నానబెట్టినా, ఉడకబెట్టినా ఆ ఎముక ఊడి వస్తుంది. మిగిలిన తొడుగే పనికొచ్చే సరుకు. కొన దగ్గర మాత్రం కొమ్ము గట్టిగా, నిండుగా ఉంటుంది.

జింక కొమ్ము వేరే సంగతి. అది అసలైన ఎముక, ఏటా రాలిపోతుంది. దాన్ని కొనడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది కాబట్టి ఆ జోలికి పోకూడదు. ఉస్తరా పిడికి గేదె, ఆవు జాతి కొమ్ములే ఎక్కువగా వాడతారు. గేదె కొమ్ము నల్లగా నిగనిగలాడుతుంది. ఆవు జాతి కొమ్ములో తేనె రంగు, బూడిద రంగు చారలు, కొన్నిసార్లు వెలుతురు దూరేంత పారదర్శకత కూడా కనిపిస్తాయి.

కొమ్ముకు రెండు గుణాలు ఉన్నాయి. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. అందుకే దాన్ని వంచి చదును చేయొచ్చు. రెండోది, తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మొదటి గుణం పనివాడికి సాయం, రెండో గుణం అతనికి పరీక్ష.

ఈ పని ఎక్కడ సాగుతోంది?

మడత ఉస్తరాలకు పేరు తెచ్చిన ఊళ్లు ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్. ఫ్రాన్స్‌లో థియర్ కూడా ఈ దారిలోదే. సోలింగెన్ పేరును కత్తుల మీద ఎవరంటే వాళ్లు ముద్రించకుండా జర్మనీ 1938లోనే చట్టం చేసింది. బ్రిటిష్ కాలంలో మన దేశపు గేదె కొమ్ములు ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేవి. ఇక్కడి కొమ్ము అక్కడి కత్తులకు పిడి అయ్యేదన్నమాట.

ఇక్కడి సంగతికొస్తే, కొమ్ము పనికి ఉత్తరప్రదేశ్‌లోని సంభల్, అందులోనూ సరాయ్ తరీన్ ప్రాంతం ప్రసిద్ధి. దువ్వెనలు, గుండీలు, గిన్నెలు, గాజులు, కత్తి పిడులు అక్కడి కారీగర్ల చేతిలో తయారవుతాయి. 2023లో సంభల్ కొమ్ము పనికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ దక్కింది. మన సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోనూ కొమ్ముతో పక్షులు, రొయ్యలు, దువ్వెనలు చేసే పాత హునర్ ఉంది. 1936 దాకా ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. 18, 19 శతాబ్దాల్లో విశాఖపట్నంలో చేసిన నగిషీ పెట్టెల్లో దంతంతో పాటు గేదె కొమ్మునూ వాడారు. అంటే కొమ్మును పల్చగా కోసి మెరుగుపెట్టే పని మన తీరానికి కొత్తేమీ కాదు.

కొమ్ము ఎంచుకోవడం

పచ్చి కొమ్ముతో పిడి చేస్తే ఆరాక తప్పకుండా వంకర పోతుంది. ముక్కలుగా కోశాక నీడలో, గాలి తగిలే చోట నెలల తరబడి ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగుళ్లొస్తాయి.

తర్వాత చూడాల్సింది పొరలు. కొమ్ము ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెరుగుతుంది. దీపం ముందు పెట్టి చూస్తే పొరల మధ్య ఖాళీ ఉన్నచోట తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. అలాంటి ముక్కను పక్కన పెట్టేయాలి. ఇప్పుడు కాకపోయినా రేపు శీల కొట్టేటప్పుడు అది విచ్చుకుంటుంది. పురుగు తొలిచిన చిన్న బెజ్జాలు ఉన్నా అంతే.

రెండు పలకలూ ఒకే కొమ్ములోంచి, పక్కపక్క ముక్కల నుంచి తీయడం పద్ధతి. రంగు కలుస్తుందని మాత్రమే కాదు. వాతావరణం మారినప్పుడు రెండూ దాదాపు ఒకే తీరులో కదులుతాయి. ఒకటి గట్టి కొమ్ము, ఇంకోటి మెత్తటి కొమ్ము అయితే వానాకాలంలో పిడి ఒక పక్కకు లాగేస్తుంది. నార కూడా పిడి పొడవునా సాగాలి, అడ్డంగా ఉంటే విరుగుతుంది.

చదును చేయడం

కోసిన ముక్క కాస్త వంపుగానే ఉంటుంది. దాన్ని మరిగే నీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. వెంటనే పట్టకారుతో తీసి రెండు ఇనుప పలకల మధ్య పెట్టి, వైస్‌లో బిగించి, పూర్తిగా చల్లారే దాకా వదిలేయాలి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. కొందరు కారీగర్లు నూనె రాసి బొగ్గుల సెగ మీద కాచి వంచుతారు. దీనికి చేయి బాగా అలవాటుండాలి. వెంట్రుక కాలిన వాసన వచ్చిందంటే కొమ్ము మాడుతోందని గుర్తు. మాడిన కొమ్ము పెళుసు బారుతుంది, మళ్లీ బాగుపడదు.

చదును చేశాక వెంటనే పనిలోకి దిగొద్దు. కొన్ని రోజులు వదిలేసి చూడాలి. మళ్లీ వంగితే మళ్లీ చదును చేయాలి. ఈ ఓపిక ఇక్కడ లేకపోతే, ఆ వంకర బ్లేడు బిగించాక బయటపడుతుంది.

కొలతలు, ఆకారం

మామూలు ఉస్తరా పిడి పొడవు సుమారు 150 మిల్లీమీటర్లు. వెడల్పు మధ్యలో 20 దాకా ఉండి, చివరలకు తగ్గుతుంది. పలక మందం 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. మరీ మందమైతే ఉస్తరా వెనక బరువెక్కి చేతిలో తూకం తప్పుతుంది. మరీ పల్చగా ఉంటే నొక్కగానే వంగుతుంది. ముడి ముక్క మాత్రం అన్ని వైపులా కాస్త పెద్దదిగా కోసుకోవాలి.

రెండు ముక్కల్నీ టేపుతో జతగా అంటించి, రంపంతో ఆకారం కోసి, ఆకురాయితో అంచులు సరిచేస్తారు. బెజ్జాలు కూడా ఆ జతలోనే వేయాలి, అప్పుడే రెండు వైపులా ఎదురెదురుగా వస్తాయి. శీలకు సాధారణంగా 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ వాడతారు కాబట్టి బెజ్జమూ అంతే ఉండాలి. డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి, వేగం పెంచితే కొమ్ము కాలుతుంది.

మెరుగుపెట్టడం

మెరుగు పని శీలలు కొట్టక ముందే పూర్తవ్వాలి. బిగించాక వాషర్ల చుట్టూ, పలకల లోపలి వైపు చేయి పట్టదు. లోపలి వైపును చాలామంది వదిలేస్తారు. గరుకుగా ఉన్న లోపలి ముఖం తడిని పట్టి ఉంచుతుంది, ఆ తడితోనే బ్లేడు తుప్పు పడుతుంది.

మొదట పదునైన ఉక్కు రేకుతోనో, కొత్తగా పగిలిన గాజు అంచుతోనో గీరుతారు. ఆకురాయి గాట్లు దీనితో పోతాయి. గాజుతో చేసేటప్పుడు చేతికి మందపాటి గుడ్డ తప్పదు. తర్వాత ఎమరీ కాగితం. 220 నంబరుతో మొదలుపెట్టి 400, 600, 1000, 2000 దాకా వెళ్లాలి. ప్రతిసారీ ముందు రుద్దిన దిక్కుకు అడ్డంగా రుద్దితే, పాత గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. నంబరు మార్చే ముందు గుడ్డతో దుమ్ము పూర్తిగా తుడవాలి. ముతక రేణువు ఒక్కటి మిగిలినా నున్నటి ముఖం మీద గీత పడుతుంది.

ఈ వరుసలో ఒక మెట్టు దాటేస్తే గంట మిగులుతుందనిపిస్తుంది. కానీ 220 గీత మీద 1000 కాగితం ఎంత రుద్దినా ఆ గీత పోదు. మెరుపు వచ్చాక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లాల్సిందే.

చివరగా మెత్తటి నూలు గుడ్డ మీద తడిపిన సుద్దపొడి గానీ, పాలిష్ పేస్టు గానీ వేసి చేత్తో రుద్దితే నిగారింపు వస్తుంది. మోటారు చక్రం మీద చేస్తే పని వేగంగా అవుతుంది, కానీ ఒకేచోట ఆనించి ఉంచితే వేడెక్కి వంగుతుంది. వార్నిష్ అవసరం లేదు. మంచి కొమ్ముకు మెరుపు దాని లోపలి నుంచే వస్తుంది.

బిగించడం

బ్లేడు కాడ దగ్గర ఒక శీల, పిడి తోక దగ్గర ఇంకో శీల ఉంటాయి. తోక దగ్గర రెండు పలకల మధ్య చిన్న ముక్క ఒకటి పెడతారు. అది ఒక వైపు మందంగా, మరో వైపు పల్చగా ఉంటుంది. పలకలు కాస్త బిగువుగా ఉండి బ్లేడును పట్టుకునేది దీనివల్లే. పాత ఉస్తరాల్లో ఈ ముక్క సీసంతో చేసినదై ఉండొచ్చు. సీసం దుమ్ము విషం కాబట్టి దాన్ని రుద్దకూడదు.

శీల వాషర్ మీదికి ఒక మిల్లీమీటరు లోపే మిగిలేలా కోసి, చిన్న సుత్తితో అంచుల చుట్టూ తేలికగా తట్టాలి. పది గట్టి దెబ్బల కంటే వంద చిన్న దెబ్బలు మేలు. ఒక్కో వైపు కాసేపు తట్టి, మధ్యమధ్యలో ఉస్తరా మడిచి చూస్తూ ఉండాలి. కొమ్ము పగిలేది ఎక్కువగా ఇక్కడే, ఇంతసేపు పడిన కష్టం ఒక్క దెబ్బతో పోతుంది.

ఆరోగ్యం మరిచిపోవద్దు

కొమ్ము దుమ్ము సన్నగా ఉండి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మంచి మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి. చర్మాలు, ఎముకలు, వెంట్రుకలతో పనిచేసేవాళ్లకు ఆంత్రాక్స్, అంటే దొమ్మ రోగం సోకే ప్రమాదం ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ క్రిములు కొమ్మును ఉడికించినంత మాత్రాన చచ్చిపోతాయని నమ్మకూడదు. ఏ రోగంతో చనిపోయిందో తెలియని పశువు కొమ్మును ఏరుకొచ్చి పని మొదలుపెట్టొద్దు. నమ్మకమైన చోట శుభ్రం చేసిన సరుకే కొనాలి.

వాడకంలో జాగ్రత్తలు

కొమ్ము పిడిని మరిగే నీళ్లలో వేసి శుభ్రం చేయలేం, అది మెత్తబడి వంకర పోతుంది. అంటే పది మందికి గడ్డం గీసే దుకాణంలో ఇది పనికిరాదు. హెపటైటిస్ బి లాంటివి రక్తం ద్వారా వ్యాపిస్తాయి కాబట్టి దుకాణంలో ఎవరి బ్లేడు వారికి మార్చే ఉస్తరానే సరైనది. కొమ్ము పిడి ఉస్తరా ఇంట్లో ఒక్కరే వాడుకోవాలి.

గీసుకున్నాక పొడి గుడ్డతో బ్లేడు, పలకల లోపలి వైపు తుడిచి, ఆరాకే మడవాలి. అప్పుడప్పుడు రెండు చుక్కల లిక్విడ్ పారాఫిన్ రాస్తే కొమ్ము ఎండి పగలదు. ఏళ్ల తరబడి దాచేటట్టయితే ఏడాదికి రెండుసార్లయినా తీసి పురుగు పట్టిందేమో చూడాలి.

పాత పిడి కొమ్ముదో, సెల్యులాయిడ్‌దో తెలుసుకోవడానికి సూది కాల్చి గుచ్చే పని చేయొద్దు. సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది. వేడి నీటితో తడిపిన గుడ్డతో గట్టిగా రుద్ది వాసన చూస్తే చాలు. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడే. అది పాతబడితే దాని నుంచి వచ్చే ఆవిరితో బ్లేడు తుప్పు పడుతుంది, కాబట్టి పిడి మార్చడమే మేలు.

కారీగర్ల ముందున్న సవాలు

కొమ్ము పని కబేళాల నుంచి వచ్చే సరుకు మీద ఆధారపడిన పని. మాంసం పోగా మిగిలిన దాన్ని విలువైన వస్తువుగా మార్చడమే ఈ హునర్. గీరగా రాలిన పొట్టు కూడా నత్రజని ఎరువుగా పొలానికి వెళ్తుంది. 2017లో ఉత్తరప్రదేశ్‌లో కబేళాల మూసివేతలు మొదలయ్యాక సరుకు దొరకడం కష్టమైంది. మరోవైపు అచ్చు పోసిన ప్లాస్టిక్ చౌకగా వస్తోంది. జీఐ ట్యాగ్ పేరును కాపాడుతుంది, సరుకునూ కూలినీ మాత్రం ఇవ్వదు.

కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. ధర అడిగే ముందు పిడిని చూడటం. ఉస్తరా మెల్లగా మడిచి పైనుంచి చూడండి. బ్లేడు నడిమిన దిగుతోందా? పలకల లోపలి వైపు నున్నగా ఉందా? వాషర్ల చుట్టూ వెంట్రుకంత పగులైనా ఉందా? వెలుతురులో పక్కకు వంచితే గీతలు కనిపిస్తున్నాయా? ఈ నాలుగూ సరిగ్గా ఉంటే దాని వెనక నెలల ఆరబెట్టడం, రోజుల మెరుగు ఉన్నట్టే. అలాంటి పిడికి కారీగర్ నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే అది న్యాయమైన ధరే.