అమ్ముడుపోని గిటార్‌కి కోట్లు ఎలా వచ్చాయి?

ఈ ఎపిసోడ్‌లో ఒక ఫ్లాప్ గిటార్ కథ చెప్తాను. మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని రేటు 300 డాలర్ల లోపే. అయినా జనం పెద్దగా కొనలేదు. మూడేళ్లకే కంపెనీ ఆపేసింది. ఇవాళ అదే గిటార్ లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో కోట్లు. వస్తువు పాతదైతే చాలు, రేటు దానంతటదే పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజమేనా? చూద్దాం.

గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ అనే ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చింది. మొదట్లో దానికి బంగారు రంగు. అమ్మకాలు తగ్గడంతో 1958లో రంగు మార్చారు. అంచుల్లో ఎరుపు, మధ్యలో పసుపు. దీన్నే సన్‌బర్స్ట్ అంటారు. అయినా లాభం లేదు. గిటార్ బరువు, రేటు కూడా ఎక్కువే. 1958 నుంచి 1960 దాకా తయారైనవి రెండు వేలు కూడా దాటలేదు. తర్వాత డిజైనే మార్చేశారు.

మరి కథ ఎక్కడ తిరిగింది? ఇంగ్లండ్‌లో. 1966లో జాన్ మాయల్ బ్యాండ్ ఆల్బమ్‌లో ఎరిక్ క్లాప్టన్ ఈ పాత గిటార్‌నే మార్షల్ యాంప్‌కి పెట్టి, సౌండ్ బాగా పెంచి వాయించాడు. ఆ లావైన, సాగే నాదం విని కుర్రాళ్లకు పిచ్చెక్కింది. అందరికీ అదే కావాలి, కానీ షాపుల్లో లేదు. 1968లో గిబ్సన్ లెస్ పాల్‌ని మళ్లీ మొదలుపెట్టింది. అయినా జనం పాతవాటి కోసమే వెతికారు.

అంటే రేటు పెంచింది వయసు కాదు. ముందు అమ్ముడుపోలేదు కాబట్టి తక్కువ ఉన్నాయి. తర్వాత ఒక మంచి చెయ్యి పడింది కాబట్టి అందరికీ కావాల్సి వచ్చింది. ఈ రెండూ కలిస్తేనే కోట్లు.

ఇంకో విచిత్రం చెప్పనా? ఆ ఎరుపు రంగు వెలుతురుకి వెలిసిపోయేది. ఒక్కో గిటార్ ఒక్కో రకంగా వెలిసింది. ఒకటి తేనె రంగు, ఇంకోటి నిమ్మపండు రంగు. అప్పట్లో అది లోపం. ఇప్పుడు కలెక్టర్లు ఆ వెలిసిన రంగు కోసమే పోటీ పడతారు. కొత్త పెయింట్ వేశారో, రేటు ఇంచుమించు సగానికి పడిపోతుంది.

చెయ్యి గొప్పతనం అన్నాను కదా, దానికి మన పాలకొల్లు కుర్రాడే సాక్షి. మాండలిన్ శ్రీనివాస్, 1969లో పుట్టాడు. మామూలు మాండలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. మీటిన నాదం చటుక్కున ఆగిపోతుంది. మరి గమకం పలకాలంటే నాదం సాగాలి కదా! అందుకే ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలు పెట్టించుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, ఈ పిల్లాడు విని వాయించేవాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు.

అమెరికాలో ఫెండర్ కంపెనీ కూడా 1956లోనే నాలుగు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ తెచ్చింది. గిటార్ల పక్కన దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే. అలాంటి వాద్యం మీద మనవాడు కచేరీలు చేసి, కర్ణాటక సంగీతంలో దానికి ఒక కుర్చీ వేయించాడు.

కాబట్టి ఒక్క మాట. మీ ఇంట్లో అటక మీద నాన్నగారో తాతగారో వాయించిన గిటారో, మాండలినో ఉంటే పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యకండి. పెయింట్ వెయ్యకండి. ఏదైనా పార్ట్ మారిస్తే పాతది దాచిపెట్టండి. సీరియల్ నంబర్ ఉంటే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అది కోట్లు తెస్తుందని నేను చెప్పను. ముందు తీగలు మార్చి, ఒకసారి వాయించండి. ఆ గిటార్ విలువ కూడా ఒకప్పుడు అలాగే మొదలైంది.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.