ముందు కమాను – వెనుక కమాను

ఎద్దుబండి మీద ధాన్యపు బస్తాలు వేసే రైతును గమనించండి. బస్తాలన్నీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. అన్నీ వెనుకకు వేస్తే నొగలు పైకి లేచి, కాడి మెడలను వదలిపోజూస్తుంది. అందువల్ల అతడు ఇరుసుకు ముందు కొన్ని, వెనుక కొన్ని సర్ది, బరువు కుదిరినదని తోచిన తరువాతనే బండి తోలుతాడు. తులాదండ సూత్రం అతడు పుస్తకంలో చదివి ఉండకపోవచ్చు. ఐనా దానిని తప్పితే ఏమి జరుగుతుందో అతనికి బాగా తెలుసు.

నాలుగు చక్రాల బండికి ఈ బాధ లేదనిపిస్తుంది. ముందు ఒక ఇరుసు, వెనుక ఒక ఇరుసు ఉన్నవి గదా! కాని ఇరుసులకూ బండికీ మధ్య స్ప్రింగులు వచ్చి చేరేసరికి పాత చిక్కే కొత్త రూపంలో ఎదురైనది. రెండు కొనల స్ప్రింగులు ఒకదానితో ఒకటి పొందిక లేకుండా ఊగితే బండి పడవవలె ముందుకూ వెనుకకూ తూగుతుంది. ఈ పొందికను సాధించడానికి ఇంజనీర్లకు ఒక శతాబ్దానికి పైగా పట్టింది. ఆ కథే ఈ వ్యాసం.

తోలుపట్టీల నుంచి ఉక్కు కమానులకు

పూర్వం ఐరోపాలోని గుర్రపుబండ్లలో కూర్చునే పెట్టెను నాలుగు గుంజలకు తోలుపట్టీలతో వేలాడగట్టేవారు. కుదుపు కొంత తగ్గేది గాని, పెట్టె ఉయ్యాలవలె ఊగేది. 1804లో ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అనే బండ్ల తయారీదారు ఒక కొత్త పద్ధతికి పేటెంటు పొందాడు. వంచిన ఉక్కుపట్టీల కట్టలు రెండింటిని ఎదురెదురుగా కలిపి అండాకారపు స్ప్రింగుగా చేసి, దానిని నేరుగా ఇరుసు మీద కూర్చోబెట్టడమే ఆ పద్ధతి. దీనితో రెండు ఇరుసులనూ కలుపుతూ అడుగున పోయే బరువైన దూలం అవసరం లేకపోయినది. బండి తేలికైనది, ఎత్తు తగ్గినది. మన జట్కాబండి ఇరుసు మీద కనిపించే కమానుపట్టీలు ఈ జాతివే.

స్ప్రింగుకు సంబంధించిన మూలసూత్రం అప్పటికే తెలిసి ఉన్నది. బరువు ఎంత పెంచితే సాగుదల అంత పెరుగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ఈ సూత్రం నుంచి మనకు ఇక్కడ కావలసిన ఒక ఫలితం వస్తుంది. బండి బరువు ఎంత, స్ప్రింగు ఎంత బిరుసైనది అనే వివరాలు విడివిడిగా తెలియనక్కరలేదు. బండి బరువుకు స్ప్రింగు ఎంత దిగినదో తెలిస్తే చాలు, అది నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కకట్టవచ్చు. 5 సెంటీమీటర్లు దిగితే నిమిషానికి దాదాపు 134 సార్లు, 10 సెంటీమీటర్లు దిగితే 95 సార్లు, 20 సెంటీమీటర్లు దిగితే 67 సార్లు. అంటే ఎక్కువ దిగిన స్ప్రింగు నింపాదిగా ఊగుతుంది, తక్కువ దిగినది తొందరగా ఊగుతుంది.

మారిస్ ఆలీ ప్రయోగం

మోటారు కారు వచ్చిన తొలి దశాబ్దాలలో ముందు స్ప్రింగులను బిరుసుగా, వెనుక స్ప్రింగులను మెత్తగా ఉంచేవారు. దీనికి కారణం ఉన్నది. ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉండేవి. ఆ చక్రాలనే పక్కలకు తిప్పి బండిని నడపాలి. అక్కడ స్ప్రింగు మెత్తనైతే చక్రాలు అటూ ఇటూ అదిరి స్టీరింగును వణికించేవి. ముందు బిరుసు, వెనుక మెత్తన కావడంతో, వెనుక కూర్చున్నవారు ప్రతి గతుకు దగ్గరా ఎగిరెగిరి పడేవారు.

రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసిన మారిస్ ఆలీ అనే బ్రిటిష్ ఇంజనీరు 1930లో అమెరికాలోని కాడిలాక్ సంస్థలో చేరి ఈ సమస్యను చేపట్టాడు. అతని బృందం ఒక పెద్ద కారుకు ముందూ వెనుకా బరువులు వేలాడదీసే ఏర్పాటు చేసింది. ఆ బరువులను జరుపుతూ, స్ప్రింగులను మారుస్తూ కారును రోడ్డు మీద నడిపారు. సుఖాన్ని కొలిచే యంత్రం ఏది? తాము కారులో కూర్చుని, తమ శరీరానికి ఎట్లా ఉన్నదో చూసుకోవడమే వారికి ప్రధానమైన కొలబద్ద.

తేలిన ఫలితం ఆనాటి ఆచారానికి పూర్తిగా ఎదురు: ముందు స్ప్రింగులు మెత్తగా ఉండాలి, వెనుకవి కొంచెం బిరుసుగా ఉండాలి. దీనికి కారణం తెలుసుకోవడం కష్టం కాదు. గతుకును ముందు చక్రం మొదట తాకుతుంది, వెనుక చక్రం తరువాత తాకుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 3.2 మీటర్లు, వేగం గంటకు 60 కిలోమీటర్లు అనుకొంటే ఈ వ్యవధి సెకనులో దాదాపు అయిదో వంతు. ముందుభాగం అప్పటికే ఊగడం మొదలుపెట్టి ఉంటుంది. ఆలస్యంగా బయలుదేరిన వెనుకభాగం కాస్త త్వరగా ఊగితే, ఒకటి రెండు ఊపులలో ముందుభాగాన్ని కలుసుకొంటుంది. అప్పుడు రెండు కొనలూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. తూగుడు పోయి, ఒద్దికైన ఊగు మిగులుతుంది. అదే వెనుకభాగం నెమ్మదిగా ఊగేదైతే ఎన్నటికీ కలుసుకోలేదు. ఒక కొన లేస్తే మరో కొన దిగుతుంది.

ఐతే ముందు స్ప్రింగు మెత్తనైతే స్టీరింగు వణకదా? ముందు చక్రాలను ఒకే ఇరుసుకు కట్టకుండా, దేని స్ప్రింగు దానికి ఇచ్చి విడదీయడమే దీనికి పరిష్కారం. జనరల్ మోటార్స్ సంస్థ 1934 నమూనా కార్లలో ఈ ఏర్పాటును ప్రవేశపెట్టింది.

పికప్ ట్రక్కు తెచ్చిన చిక్కు

కారులో ఎక్కేది నలుగురో అయిదుగురో మనుషులు. బరువు పెద్దగా మారదు. పికప్ ట్రక్కు సంగతి అట్లా కాదు. ఫోర్డ్ సంస్థ 1925లో తన మోడల్-టి కారుకు వెనుక సామానుపెట్టె అమర్చి అమ్మకానికి పెట్టింది. అది మోయవలసిన బరువు అర టన్ను. అమెరికా రైతులకు ఇది చాలా ఉపయోగపడింది. కాని ఉదయం ఖాళీగా పోయి, సాయంత్రం నిండుగా వచ్చే బండికి వెనుక స్ప్రింగు ఎట్లా ఉండాలి?

ఒక లెక్క వేసి చూద్దాం. వెనుక స్ప్రింగుల మీద ఖాళీబండి బరువు 600 కిలోలు, స్ప్రింగుల దిగుదల 6 సెంటీమీటర్లు అనుకొందాం. అప్పుడు వెనుకభాగం నిమిషానికి 122 సార్లు ఊగుతుంది. ముందు స్ప్రింగుల దిగుదల 12 సెంటీమీటర్లైతే ముందుభాగం 86 సార్లు ఊగుతుంది. వెనుక త్వరగా, ముందు నింపాదిగా ఊగుతున్నవి కనుక ఆలీ నియమం నెరవేరింది. ఇప్పుడు వెనుక ఇరుసు మీదికి వచ్చేటట్లు 750 కిలోల సామాను వేద్దాం. దిగుదల 13.5 సెంటీమీటర్లకు పెరుగుతుంది. వెనుకభాగపు ఊపులు నిమిషానికి 81కి పడిపోతాయి. ముందుభాగం అదే 86. నియమం తలక్రిందులైనది! బండి మారలేదు, స్ప్రింగు మారలేదు. బరువు ఒక్కటే మారింది.

దీనికి తయారీదారులు రాజీమార్గాలు వెదికారు. వెనుక కమానుకట్ట అడుగున ఒక అదనపు పట్టీ ఉంచి, బరువు పెరిగినప్పుడే అది పనిచేసేటట్లు అమర్చడం ఒకటి. ఖాళీగా ఉన్నప్పుడు వెనుకభాగాన్ని కొన్ని సెంటీమీటర్లు ఎత్తుగా ఉంచడం మరొకటి. సామాను ఎక్కినప్పుడు అది దిగి బండి సమతలానికి చేరువవుతుంది. పికప్ ట్రక్కు ఖాళీగా ఉన్నప్పుడు ముందుకు వాలినట్లు కనిపించడం లోపం కాదు, ముందుచూపు. ముందు చక్రాలకు విడి స్ప్రింగులు కూడా వచ్చినవి. షెవ్రొలే పికప్‌లు 1960 నమూనా నుంచి, ఫోర్డ్ పికప్‌లు 1965 నుంచి ముందు చక్రాలను విడదీసినవి.

ఎత్తు వేరు, బిరుసు వేరు

అమెరికాలో అడవిదారులలో, రాళ్ళలో నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరిగే పికప్‌లను నడపడం వాడుకలోకి వచ్చిన తరువాత, బండిని పైకి ఎత్తి పెద్ద చక్రాలు వేసుకోవడం అలవాటైనది. వాలు అందంగా లేదని ముందుభాగాన్ని మాత్రమే ఎత్తేవారూ ఉన్నారు. ఇక్కడ విద్యార్థులు ఒక భేదం గుర్తించాలి. ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుపదిమ్మె పెడితే ఎత్తు పెరుగుతుంది గాని, స్ప్రింగు బిరుసు మారదు. బండి మునుపటివలెనే ఊగుతుంది. కమానుకట్టకు ఒక పట్టీ చేరిస్తే ఎత్తు, బిరుసు రెండూ పెరుగుతాయి, ఊపుల లెక్క మారుతుంది. ఒక కొనకు దిమ్మె, మరో కొనకు పట్టీ వేసినవాడు బండిని చూపులకు సమం చేశాడే గాని, నడకలో సమం చేయలేదు.

చూపుల సమత్వానికి కూడా మూల్యం ఉన్నది. ఇరుసుల మధ్య 3.2 మీటర్లు ఉన్న బండికి ముందుభాగాన్ని 5 సెంటీమీటర్లు ఎత్తితే, దీపపు కాంతి 25 మీటర్ల దూరంలో 39 సెంటీమీటర్లు పైకి పోతుంది. ఆ మీద సామాను ఎక్కి వెనుకభాగం 7.5 సెంటీమీటర్లు దిగితే మొత్తం పెరుగుదల దాదాపు ఒక మీటరు. రోడ్డు మీద పడవలసిన వెలుతురు ఎదురుగా వచ్చే సైకిలువాని కళ్ళలో పడుతుంది. ఎత్తు మార్చిన ప్రతిసారీ దీపాలను తిరిగి సరిచేయవలసినది ఇందుకే.

రెండు కొనలనూ సమానంగా ఎత్తినా చిక్కు పూర్తిగా తీరదు. ఎడమ కుడి చక్రాల మధ్య 1.5 మీటర్లు, గురుత్వకేంద్రం ఎత్తు 70 సెంటీమీటర్లు ఉన్న బండి, స్ప్రింగుల ఊగు లెక్కించకుండా చూస్తే, పక్కకు 47 డిగ్రీలు వాలినప్పుడు పడిపోతుంది. గురుత్వకేంద్రం 10 సెంటీమీటర్లు లేస్తే 43 డిగ్రీలకే పడుతుంది. ఇక వెనుక ఇరుసును తిప్పే దండం రెండు చివరలా కీళ్ళు ఉంటాయి. ఈ కీలుకు కూడా హుక్ పేరే ఉన్నది. కీలు వంగి తిరిగినప్పుడు వేగం ఒక చుట్టుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. రెండు కీళ్ళూ సమానకోణంలో వంగితేనే ఒకదాని తప్పును మరొకటి సరిదిద్దుతుంది. కోణాలు చెడితే దండం అదురుతుంది. మన దేశంలో తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం నియంత్రిస్తున్నది.

రెండు కొనలను కలిపినవారు

ఫ్రాన్సులో సిట్రొయెన్ సంస్థ వేరొక దారి తొక్కింది. 1948లో పారిస్ ప్రదర్శనలో చూపిన 2సీవీ అనే చవక కారులో ప్రతి పక్కా ముందు చక్రాన్నీ వెనుక చక్రాన్నీ ఒకే గొట్టంలోని స్ప్రింగులతో జోడించారు. ముందు చక్రం గతుకు ఎక్కితే, ఆ వార్త వెనుక చక్రం అక్కడికి చేరకముందే వెనుక స్ప్రింగుకు అందుతుంది. 1955లో వచ్చిన డీఎస్ కారులో ఉక్కు స్ప్రింగులకు బదులు వాయువు, నూనె వాడారు. బరువు ఎక్కినా దిగినా కారు తన ఎత్తును తానే సరిచేసుకొనేది. పికప్ ట్రక్కును వేధించిన ప్రశ్నకు ఇది ఒక చక్కని సమాధానం, కాని ఖరీదైన సమాధానం. చవకగా, గట్టిగా ఉండే కమానుపట్టీ బరువు మోసే బండ్ల నుంచి నేటికీ తొలగిపోలేదు.

తరగతిలో ఒక ప్రయోగం

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని సులభంగా చూపవచ్చు. ఒక అడుగుబద్దను రెండు చివరలా రెండు ఒకే రకం స్ప్రింగులకు వేలాడదీయండి. ఒక చివరను నొక్కి వదలండి, బద్ద తూగుతుంది. ఇప్పుడు ఒక చివర చిన్న తూనికరాయి కట్టి మళ్ళీ నొక్కండి. తూగే తీరు మారుతుంది. చివరకు, రాయి కట్టిన వైపు స్ప్రింగును పైనుంచి దారంతో ఎత్తి బద్దను సమతలం చేయండి. చూపులకు బద్ద చక్కబడింది. మరల నొక్కి చూడండి. ఊగే తీరు చక్కబడలేదు!

ఎలియట్ కాలం నుంచి నేటి వరకు ఈ కథ చెప్పే మాట ఒక్కటే. ముందు కమాను, వెనుక కమాను రెండు వేర్వేరు వస్తువులుగా కనిపిస్తాయి గాని, వాటి మధ్య ఉన్నది ఒకే బండి. ఒక కొనను ముట్టుకొంటే రెండో కొన కూడా బదులు చెబుతుంది. కాడి కింద ఎద్దుల మెడలు ఓర్చుకొనేది ఎంతో చూసి బస్తాలు సర్దుకొనే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.