ఇటుకల ఆట

తొంభైల్లో మా తిరువూరులో దాన్ని అందరం వీడియో గేమ్ అనేవాళ్ళం. దాని మీద మాత్రం బ్రిక్ గేమ్, 9999 ఇన్ 1 అని ఉండేది. అన్ని ఆటలు ఎక్కడివండీ! ఉన్న నాలుగైదింటికే వేగం మార్చి, మార్చి లెక్కేసిన అంకె అది. అందరూ ఆడింది ఒక్కటే, పైనుంచి పడే ఇటుకల్ని సందు లేకుండా పేర్చడం.

ఆ ఆట అసలు పేరు టెట్రిస్. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారుచేశాడు. ఆయన ముందున్న ఎలక్ట్రానికా 60 యంత్రంలో బొమ్మలు గీసే వీలే లేదు. అందుకని బ్రాకెట్ గుర్తుల్ని పక్కపక్కన పెట్టి ఇటుకలు చేశాడు. నాలుగేసి గళ్ళ ముక్కలు, ఏడు రకాలు. గ్రీకులో టెట్రా అంటే నాలుగు. దానికి తనకిష్టమైన టెన్నిస్ కలిపి పేరు పెట్టాడు. తర్వాత వదిమ్ గెరాసిమోవ్ అనే పదహారేళ్ళ కుర్రాడు దాన్ని ఐబీఎం కంప్యూటర్‌కి మార్చాడు. ఇక ఫ్లాపీల మీద చేతులు మారుతూ పాకిపోయింది.

1989లో నింటెండో వాళ్ళ గేమ్ బాయ్ వచ్చింది. చేతిలో పట్టుకుని ఆడే ఆ యంత్రం కోసం హెంక్ రోజర్స్ మాస్కో వెళ్ళి, ఎలోర్గ్ అనే ప్రభుత్వ సంస్థతో మాట్లాడి హక్కులు తెచ్చాడు. అంతకుముందే నింటెండో వాళ్ళకి ఓ సలహా ఇచ్చాడట: మగపిల్లలు మాత్రమే కొనాలంటే మారియో ఇవ్వండి, అందరూ కొనాలంటే టెట్రిస్ ఇవ్వండి అని. ఈ చరిత్ర మొత్తంలో నాకు నచ్చిన మాట అదే.

ఎందుకంటే మా ఇంట్లో అది పేరుకే పిల్లలది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ చేతిలోనో, పిన్ని చేతిలోనో ఉండేది. అష్టాచెమ్మాకి, వామనగుంటలకి తోడు కావాలి. అందరికీ ఒకేసారి తీరిక దొరకాలి. దీనికి ఎవరూ అక్కర్లేదు. పాలు పొంగుతుంటే బటన్ నొక్కి ఆపేసి, దించి వచ్చి, ఆపిన చోటునుంచే ఆడుకోవచ్చు. పొడుగు ముక్క కోసం పిన్ని ఊపిరి బిగబట్టి చూస్తుంటే పక్కింటావిడ పిలుపు కూడా వినపడేది కాదు. "ఏమిటీ పిల్లచేష్టలు" అని తాతయ్య అంటే కొంగు కింద దాచేది. పేకాడే బాబాయిని మాత్రం ఆ మాట ఎవరూ అనలేదు.

పజిత్నోవ్‌కి ఇన్నేళ్ళూ రాయల్టీ రాలేదు. హక్కుల్ని పదేళ్ళకి అకాడమీకి ఇచ్చేశాడు. గేమ్ బాయ్ టెట్రిస్ కోట్లలో అమ్ముడుపోయింది. మన ఊళ్ళకొచ్చిన చౌక నకళ్ళ మీద ఆయన పేరు సరే, ఆట పేరు కూడా లేదు. 1996లో హక్కులు చేతికొచ్చాక, ఆ రోజర్స్‌తోనే కలిసి కంపెనీ పెట్టాడు. తన ఆట మీద ఆయనకి డబ్బులు రావడం అప్పుడే మొదలైంది.