ధువాఁలోంచి పుట్టిన బత్తీ

డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుప్పచ్చగా వెలిగే చిన్న బత్తీ అంటే మన మెకానిక్ ఉస్తాదులకు కోపం. "బండి బాగానే లాగుతోంది, ఈ బత్తీ మాత్రం ఆరదు" అని విసుక్కోవడం షెడ్లలో రోజూ వినే మాటే. దాని తారీఖ్ తెలిస్తే ఆ కోపం సగం తగ్గుతుంది. ఎందుకంటే అది ఇంజిన్ కోసం పుట్టింది కాదు. ధువాఁ కోసం, ఆ ధువాఁ పీల్చే మనుషుల కోసం పుట్టింది.

కథ అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో మొదలైంది. 1943 జూలైలో, జంగ్ నడుస్తున్న రోజుల్లో, ఊరిని మబ్బులాంటి ధువాఁ కమ్మేసింది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. దుష్మన్ విషవాయువు వదిలాడేమోనని కొందరు భయపడ్డారు. అసలు ముజ్రిమ్‌ని పట్టుకున్నది హాలండ్ నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న హాగెన్ స్మిట్ అనే రసాయన ప్రొఫెసర్. కార్ల సైలెన్సర్ల నుంచి, చమురు శుద్ధి కార్ఖానాల నుంచి వచ్చే కాలని ఇంధనం ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్‌ని పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో ఆయన రుజువు చేశాడు. అంటే ప్రతి ఇంటి ముందూ నిలబడ్డ బండికి ఈ జుర్మ్‌లో హిస్సా ఉందన్నమాట.

1970లో అమెరికా గట్టి కానూన్ చేసింది. 1975 మోడల్ కార్ల నుంచి సైలెన్సర్ దారిలో కేటలిటిక్ కన్వర్టర్ వచ్చి చేరింది. లోపల తేనెపట్టులాంటి పింగాణీ, దాని మీద ప్లాటినం పూత. విషవాయువులు అందులోంచి పోతూ చాలావరకు విరిగిపోతాయి. తర్వాత వచ్చిన మెరుగైన రకాలకు ఒక నఖ్రా ఉంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి, ఆ లెక్క తప్పితే అవి సరిగా పనిచేయవు. కాబట్టి ధువాఁలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసే సెన్సర్ కావాల్సి వచ్చింది. 1976లో బాష్ దాన్ని బజార్లోకి తెచ్చింది. సెన్సర్ చెప్పింది విని పెట్రోలు సర్దడానికి చిన్న కంప్యూటర్ కూడా వచ్చింది.

ఇక్కడే అసలు సవాల్. సెన్సర్ పాడైతే ఎవరికి తెలుస్తుంది? బండి నడుస్తూనే ఉంటుంది, ధువాఁ మాత్రం జహర్ అవుతుంది. అందుకని 1988 మోడళ్ల నుంచి కంప్యూటర్ తన మీద తానే నిఘా పెట్టుకుని, తేడా వస్తే బత్తీ వెలిగించాలని కాలిఫోర్నియా హుకుం ఇచ్చింది. అయితే అప్పట్లో ఏ కంపెనీ కోడ్ దానిదే, ఏ కంపెనీ జబాన్ దానిదే. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో కార్లకూ చిన్న ట్రక్కులకూ ఒకటే 16 పిన్నుల సాకెట్, ఒకటే తరహా కోడ్లు వచ్చాయి. మరమ్మత్తు సమాచారం షోరూముల్లోనే దాచకుండా బయటి మెకానిక్కులకూ ఇవ్వాలని 1990 నాటి కానూన్ చెప్పింది. చిన్న షెడ్డు రోజీకి ఇది పెద్ద హిఫాజత్.

మరి కోడ్ చదివితే పని అయిపోతుందా? ఆ జమానా పాత పెట్రోల్ పికప్ ట్రక్కునే మిసాల్‌గా చూడండి. స్కానర్ పీ 0171 అంటుంది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని అర్థం. తొందరపడినవాడు కొత్త ఆక్సిజన్ సెన్సర్ వేస్తాడు. నాలుగు రోజుల్లో బత్తీ మళ్లీ వెలుగుతుంది. అసలు మర్జ్ మేనిఫోల్డ్ దగ్గర విరిగిన బోల్టో, కాలిన గ్యాస్కెటో కావచ్చు. ధువాఁ తెరలు తెరలుగా వస్తుంది. రెండు తెరల మధ్య ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది.

దీన్ని పట్టేది ఉస్తాద్ చెవి. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని చప్పుడు, వేడెక్కి ఇనుము వ్యాకోచించాక తగ్గిపోతుంది. జాయింటు దగ్గర నల్లటి మసి కనిపిస్తుంది. బత్తీ నిలకడగా వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటోందంటే ఇంజిన్ మిస్సింగ్ గట్టిగా ఉందని, కాలని పెట్రోలు కన్వర్టర్‌లో పడి మండుతోందని అర్థం. అప్పుడూ బండి నడిపితే లోపలి తేనెపట్టు కరిగి దారి మూసుకుపోతుంది, పికప్ పోతుంది. హకీం నబ్జ్ పట్టినా మరీజ్‌ని నాలుగు ప్రశ్నలు అడుగుతాడు కదా, కోడ్ కూడా నబ్జ్‌లాంటిదే.

మన దగ్గరికి ఈ బత్తీ ఆలస్యంగా వచ్చింది. 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 మొదలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 3 బండ్లు అమ్మకూడదంది. 2020 ఏప్రిల్ 1న, బీఎస్ 5ని దాటేసి, బీఎస్ 6 వచ్చింది. అంతకుముందు లారీ మర్జ్ ధువాఁ రంగే చెప్పేది. నల్లగా వస్తే గాలి చాలలేదు లేదా నాజిల్ ఎక్కువ పోస్తోంది, నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, తెల్లగా వస్తే కాలని డీజిలో, కూలెంట్ నీళ్లో. ఇప్పటి లారీలో మసిని ఫిల్టర్ పట్టేస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను 32.5 శాతం యూరియా ఉన్న ద్రవం విరగ్గొడుతుంది. ధువాఁకి రంగే లేకపోతే ఉస్తాద్ ఏం చదవాలి? బత్తీనే చదవాలి. ఆ ద్రవం బదులు పొలం యూరియాని కుళాయి నీళ్లలో కలిపి పోస్తే లోపల గడ్డకట్టి, మిగిలిన పైసలకు ఎన్నో రెట్లు మరమ్మత్తుకి పోతుంది.

కొన్ని షెడ్లలో ఫిల్టర్ పీకేసి, కంప్యూటర్‌కి అబద్ధం చెప్పే పెట్టె తగిలించి బత్తీ ఆర్పేస్తున్నారు. గాహక్ ఖుష్ అవుతాడు. ఆ జహర్ ముందు పీల్చేది మాత్రం ఆ సైలెన్సర్ వెనక కూర్చుని పనిచేసే షాగిర్దే. వాడు మన ఇంటి పిల్లాడే.

2017లో కొన్న లారీ ఇప్పుడు పాతబండి. అవే మన షెడ్లకు వస్తున్నాయి. చెవితో వినే హునర్ ఉన్న ఉస్తాదుకు స్కానర్ చదవడం రాదు, స్కానర్ పట్టుకున్న కుర్రాడికి చెవి లేదు. ఈ ఇద్దరినీ ఒకే బండి ముందు కూర్చోబెట్టగలిగితే మన ఇళ్లల్లో ఈ రోజీ ఇంకో తరం నిలుస్తుంది. పిల్లాణ్ణి షెడ్డులో పెట్టే అమ్మీ అబ్బాలు ఉస్తాదుని జీతం అడిగేముందు, స్కానర్ నేర్పిస్తారా అని అడగాలి.