బళ్ళారి దండు, మన కరువు సీమ

కళ్యాణదుర్గం ప్రత్యేక సంచికలో బళ్ళారి కంటోన్మెంట్ ఊసెందుకని ఎవరైనా అడగవచ్చు. 1808లో దత్తమండలాలను బళ్ళారి, కడప జిల్లాలుగా విడదీసినప్పటి నుంచి, 1882లో అనంతపురం జిల్లా ఏర్పడే దాకా మనది బళ్ళారి జిల్లానే. కచేరి పనైనా, సంతపనైనా, పెద్ద రోగమైనా మనవాళ్ళు చూసింది ఆ దిక్కే.

అసలు ఈ సీమ ఈస్టిండియా కుంపిణీ చేతికి పోయిందే సైన్యం ఖర్చు కింద. తన రక్షణకు ఉంచిన పటాలాల పోషణ కోసం నిజాం 1800 అక్టోబరులో మన నేలను రాసిచ్చాడు. టిప్పు రాజ్యంలోంచి తన వాటాకు వచ్చిన ప్రాంతాన్నే ఇచ్చేశాడు. ఆ ఒప్పందంలో వానకు ఎదురుచూసే రైతు మాట ఎక్కడా లేదు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కూడా సైనికుడే. పాలెగాళ్ళను అణచడానికి ముందు ఫిరంగులు కదిలాయి, తర్వాతే పైమాషీ గొలుసులు పొలాల్లో పడ్డాయి. బళ్ళారిలో దండు దిగింది ఆ రోజుల అవసరంతోనే.

అక్కడి కోటకు ఒక కథ ఉంది. హైదరు అలీ కోసం ఒక ఫ్రెంచి ఇంజనీరు దాన్ని బాగుచేశాడట. తీరా చూస్తే పక్కనున్న కుంబార గుడ్డ కోటకన్నా ఎత్తు. అక్కడ ఫిరంగి పెడితే కోట నిలవదని తెలిసి హైదరు అతణ్ణి ఉరితీయించాడంటారు.

దండు చరిత్ర అంటే దొరల పేర్లు, పటాలాల నంబర్లే రాస్తారు. నాకది సగం చరిత్ర అనిపిస్తుంది. పటాలం ఉన్నచోట బజారు పుడుతుంది; బళ్ళారిలో కౌల్ బజారు అలా పెరిగిందే. దర్జీలు, చాకళ్ళు, గుర్రాల కాపర్లు, వంటవాళ్ళు, ఉర్దూ, తెలుగు, కన్నడ, తమిళం అన్నీ ఒకే సందులో. దక్షిణాదిన గుర్రానికి దాణా ఉలవలే. ఎర్ర గరపనేలలో, వాన ముఖం చాటేసిన ఏడు కూడా ఇంతో అంతో చేతికొచ్చే పంట మనకు అదే కదా!    

1876-78 ధాతు కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటిలోకీ ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. గంజి కేంద్రాల కోసం, కరువు పనుల కోసం ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి.

తర్వాత బళ్ళారి బందీల ఊరైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ సైనికులను, రెండో యుద్ధంలో ఇటలీ వాళ్ళను అక్కడ ఉంచారు. మధ్యలో 1921 మలబారు తిరుగుబాటు ఖైదీలనూ తెచ్చారు. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళు ఆ రాళ్ళ ఎండను ఎలా తట్టుకున్నారో!

1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు మారింది గాని రాకపోకలు ఆగలేదు. 1961లో వచ్చిన వైద్య కళాశాల కంటోన్మెంట్ వైపే ఉంది. రాయదుర్గం మీదుగా మనవాళ్ళు ఇప్పటికీ జబ్బు మనిషిని తీసుకుని అక్కడికి వెళ్తూనే ఉన్నారు. ఆ వైపు రైల్వేస్టేషను పేరు ఇప్పటికీ బళ్ళారి కంటోన్మెంటే.

దండుకు గడ్డి, ఉలవలు, కట్టెలు తోలిన బండ్లవాళ్ళ సంతతి మన పల్లెల్లో ఉండే ఉంటుంది. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే ఈ దసరా సెలవుల్లోనే కూర్చోబెట్టి అడిగి రాసిపెట్టండి. వచ్చే సంచికకు పంపితే పేరుతో సహా వేస్తాం.