ఆటిజం పిల్లల కుటుంబాలకు సామాజిక మద్దతు

ఆటిజం ఉన్న బిడ్డను పెంచే కుటుంబానికి ఇంటి బయటి నుంచి అందే సాయం పలు రకాలు. తల్లిదండ్రులకు శిక్షణ, తల్లిదండ్రుల సంఘాలు, మండల స్థాయి కేంద్రాలు, పింఛను, బీమా, బిడ్డ పెద్దయ్యాక చట్టపరమైన సంరక్షణ అన్నీ ఇందులోకి వస్తాయి. భారతదేశంలో వీటిలో ముఖ్యమైనవి తల్లిదండ్రులు, అందులోనూ తల్లులు, పట్టుబట్టి సాధించుకున్నవే.

ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించిన తేడా. నలుగురిలో కలవడం, మాటా సంజ్ఞా వాడటం, మార్పును తట్టుకోవడం, చప్పుళ్లనూ వెలుతురునూ స్పర్శనూ భరించడం ఈ పిల్లల్లో వేరుగా ఉంటాయి. కొందరు గలగలా మాట్లాడతారు, కొందరికి జీవితాంతం మాట రాకపోవచ్చు. 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ అధ్యయనం హైదరాబాద్‌తో పాటు పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవాల్లో 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను పరిశీలించింది. ఆటిజం, వినికిడి లోపం, మూర్ఛ వంటి నాడీ వికాస సమస్యల్లో కనీసం ఒకటి దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఉన్నట్టు తేల్చింది. ఒక్క ఆటిజమే చూస్తే, అది సుమారు నూరు మంది పిల్లల్లో ఒకరికి ఉంది.

తల్లిని తప్పుపట్టిన కాలం

1943లో లియో కానర్ అమెరికాలో ఆటిజాన్ని తొలిసారి వివరంగా వర్ణించాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా అక్కడి నిపుణుల్లో చాలామంది తల్లిదండ్రుల ప్రేమరాహిత్యమే దీనికి కారణమని నమ్మారు. బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదానికి పెద్ద ప్రచారకుడు. దాన్ని గట్టిగా ఎదుర్కొన్నవాడు బెర్నార్డ్ రిమ్‌లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి. కారణం పెంపకంలో లేదని, శరీర నిర్మాణంలోనే ఉందని 1964లో పుస్తకం రాసి, మరుసటి ఏడాది తల్లిదండ్రులతో కలిసి జాతీయ సంఘం స్థాపించాడు. అంతకుముందే, 1962లో, లండన్‌లో అలాంటి సంఘం ఏర్పడింది. దాన్ని నిలబెట్టినవారిలో లోర్నా వింగ్ ఒకరు. ఆమె మానసిక వైద్యురాలు, ఆటిజం ఉన్న కూతురికి తల్లి.

ఆ వాదం శాస్త్రంలో చచ్చిపోయి చాలాకాలమైంది. మన ఇళ్లలో మాత్రం ఇంకా బతికే ఉంది. "ఫోను చేతికిచ్చి చెడగొట్టారు", "తల్లి ఉద్యోగానికి పోతే ఇంతే", "గారాబం ఎక్కువైంది" అనే మాటలు వినని తల్లి అరుదు. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే" అని ఓదార్చేవాళ్లూ ఉంటారు. ఆ ఓదార్పు ఒక్కోసారి రెండు మూడేళ్ల విలువైన కాలాన్ని తినేస్తుంది. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న అనుమానానికీ ఆధారం లేదు. ఆ భయానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో ఉపసంహరించుకుంది.

మన దేశంలో సంఘాలు, చట్టాలు

1991లో ఢిల్లీలో మెర్రీ బరువా యాక్షన్ ఫర్ ఆటిజం అనే సంస్థను ప్రారంభించారు. ఆమె కుమారుడికి ఆటిజం ఉంది. 1994లో ఆ సంస్థ ఓపెన్ డోర్ బడిని, తల్లిదండ్రుల కోసం ఒక పత్రికను మొదలుపెట్టింది. తల్లి లేదా తండ్రి బిడ్డతో కలిసి కొన్ని వారాల పాటు తరగతికి హాజరై నేర్చుకునే దాని శిక్షణ కార్యక్రమానికి ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వెళ్తాయి.

సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌ది ఇందులో ప్రత్యేక స్థానం. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో అక్కడ జాతీయ సంస్థను నెలకొల్పింది. ఇప్పుడు దాని పొట్టిపేరు నీపిడ్. దూర ప్రాంతాల వారు బిడ్డతో సహా కొన్నాళ్లు బస చేసి శిక్షణ పొందేందుకు కుటుంబ కాటేజీలు ఏర్పాటు చేసిన సంస్థ ఇది. తల్లిదండ్రుల సంఘాలను ప్రోత్సహించడంలోనూ దాని పాత్ర పెద్దది. వివిధ రాష్ట్రాల సంఘాలు కలిసి 1995లో పరివార్ అనే జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి.

అదే 1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. పేరు లేకపోతే ధ్రువపత్రం రాదు, ధ్రువపత్రం లేకపోతే ఏ సాయమూ రాదు. తల్లిదండ్రుల సంఘాల కృషి ఫలితంగా 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు దాని పరిధిలో ఉన్నాయి. ఇక 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కును ఈ చట్టం ఇస్తుంది.

ఆటిజంలో ఈ వైకల్య శాతాన్ని లెక్కగట్టడానికి వాడే కొలమానం కూడా సికింద్రాబాద్ సంస్థలోనే రూపుదిద్దుకుంది. ఐసా అని పిలిచే ఈ భారతీయ కొలమానంలో 40 అంశాలుంటాయి. స్కోరు 70కి తక్కువైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం.

ఇంట్లో జరిగే పని

స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వారంలో కొద్ది గంటలే. మిగతా సమయమంతా బిడ్డ ఇంట్లోనే గడుపుతాడు. కాబట్టి తల్లిదండ్రులకు నేర్పితే స్నానం, భోజనం, బట్టలు వేయడం, ఆట అన్నీ నేర్చుకునే సందర్భాలవుతాయి. కుటుంబ శిక్షణ కార్యక్రమాలన్నిటి వెనుక ఉన్న తర్కం ఇదే. దాహమేసి అమ్మ చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్లే పిల్లవాడికి వెంటనే నీళ్లు ఇచ్చేయడం అలవాటు. శిక్షణ పొందిన తల్లి కాస్త ఆగుతుంది. వాడి ముఖానికి ఎదురుగా కూర్చుని, గ్లాసు చూపించి, "నీళ్లు" అని ఒక్క మాట చెప్పి, వాడి చూపు కోసమో చేతి సైగ కోసమో ఎదురుచూస్తుంది. మాట రాని పిల్లలకు బొమ్మల కార్డులు, ట్యాబ్ యాప్‌లు ఉపయోగపడతాయి. వాటి వల్ల మాట రావడం ఆగిపోతుందన్న భయం నిరాధారం.

ఇది పేద దేశాల్లో సాధ్యమేనా అన్న ప్రశ్నకు ఒక ప్రయోగం జవాబిచ్చింది. బ్రిటన్‌లో రూపొందిన ఒక పద్ధతిని గోవాకూ పాకిస్తాన్‌లోని రావల్పిండికీ అనువుగా మార్చి, నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలతో 65 మంది పిల్లల కుటుంబాల మధ్య పరీక్షించారు. కార్యకర్త ఇంటికి వెళ్లి, తల్లీబిడ్డా ఆడుకునే దృశ్యాన్ని వీడియో తీసి, ఆ తల్లితో కలిసి చూస్తూ ఎక్కడ బిడ్డ సంకేతం ఇచ్చాడో, ఆమె ఎలా స్పందించిందో మాట్లాడుతుంది. పిల్లల సంకేతాలకు తల్లిదండ్రుల స్పందన మెరుగుపడిందని, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగిందని 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సంరక్షకుల శిక్షణ కూడా నిపుణులు కానివారు నడపగలిగేదే. అందులో తొమ్మిది సామూహిక తరగతులు, మూడు ఇంటి సందర్శనలు ఉంటాయి. ఆశా కార్యకర్తలూ అంగన్‌వాడీలూ ఉన్న మన రాష్ట్రాల్లో ఇలాంటివి ఊరూరా జరగాల్సింది. అవి ఇంకా నగరాల చుట్టూనే తిరుగుతున్నాయి.

ఇంట్లో ఏ భాష మాట్లాడాలన్నది తెలుగు కుటుంబాలను బాగా కలవరపెట్టే విషయం. "ఒక్క భాషే, అదీ ఇంగ్లీషు" అన్న సలహా చాలామంది వింటారు. దాంతో అమ్మమ్మ, తాతయ్య బిడ్డతో మాట్లాడటానికే జంకుతారు. రెండు భాషల వాతావరణం ఆటిజం పిల్లలకు అదనపు ఆలస్యం తెస్తుందని పరిశోధనలు చూపలేదు. తల్లికి సహజంగా వచ్చే భాషలోనే పలకరింపు నిండుగా ఉంటుంది. తెలుగులో లాలించే తల్లిని పొడిపొడి ఇంగ్లీషులోకి నెట్టడం ఆ బిడ్డకు చేసే అన్యాయమే.

ఆందోళనలో ఉన్న కుటుంబాలు మోసానికి తేలిగ్గా చిక్కుతాయి. స్టెమ్‌సెల్ చికిత్సకు లక్షలు పోసేవారున్నారు. ఆటిజానికి దాన్ని సిఫారసు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. ఈ విషయంలో తల్లిదండ్రుల సంఘం చేసే మేలు మరెవరూ చేయలేరు. డబ్బు పోగొట్టుకున్నవారి అనుభవం కొత్తగా వచ్చినవారికి నేరుగా అందేది అక్కడే. పెద్దవారైన ఆటిస్టిక్ వ్యక్తులు కూడా ఇప్పుడు తమ మాట వినిపిస్తున్నారు. బిడ్డను "అందరిలా" మార్చడమే లక్ష్యంగా పెట్టుకున్న థెరపీలు తమను గాయపరిచాయని వారంటారు. తల్లిదండ్రుల సంఘాలు వారిని పిలిచి వినడం ఎంతైనా అవసరం.

ఊళ్లో, మండలంలో

2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వెళ్లి పిల్లలను పరీక్షిస్తాయి. అనుమానం ఉన్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలు మండల స్థాయిలో ఉన్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ పాఠాలు చెబుతారు, బయటికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్తారు. ప్రైవేటు థెరపీ ఫీజు కట్టలేని కూలి కుటుంబానికి చాలాచోట్ల దిక్కు ఈ కేంద్రమే. ఒక్కో ఉపాధ్యాయుడి మీద రకరకాల వైకల్యాలున్న పిల్లల బాధ్యత ఉంటుంది, ఆటిజానికి కావలసినంత సమయం దక్కదు.

వైకల్య ధ్రువపత్రాన్ని తెలుగునాట అందరూ "సదరం" అంటారు. ఎముకల సమస్యను ఇట్టే గుర్తించే శిబిరంలో, పైకి ఏమీ కనిపించని ఆటిజం బిడ్డకు ఓపికగా పరీక్ష జరగడం కష్టం. క్యూ, గోల, కొత్త మనుషుల మధ్య బిడ్డ తల్లడిల్లిపోతాడు. ఆ పత్రం చేతికొస్తే పింఛనుకు దారి తెరుచుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 2023లో దాన్ని 4,016 రూపాయలకు పెంచారు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. వయసు పరిమితి, ముందస్తు వైద్య పరీక్ష లేవు. థెరపీ ఖర్చుకూ కొంత మొత్తం కేటాయింపు ఉంటుంది. వికలాంగ బిడ్డను చూసుకునే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి మామూలు బదిలీల నుంచి మినహాయింపునిస్తూ 2014లో ఉత్తర్వులు వచ్చాయి. అలవాటైన బడినీ థెరపిస్టునూ వదులుకోవాల్సిన అవసరం లేకుండా చేసిన ఈ చిన్న ఉత్తర్వు విలువ ఆ ఇళ్లకే తెలుస్తుంది.

తల్లికి ఒక పూట విశ్రాంతి దొరికే ఏర్పాటే అన్నిటికన్నా అరుదు. నేషనల్ ట్రస్ట్ సమర్థ్ పథకం కింద బిడ్డను కొద్దిరోజులు చూసుకునే కేంద్రాలకు సాయం అందుతుంది. అవి చాలా తక్కువ. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ విషయంలో కొంత నయం. కాలిఫోర్నియాలో 1969 నాటి లాంటర్‌మన్ చట్టం కింద పనిచేసే 21 ప్రాంతీయ కేంద్రాలు ఇలాంటి విరామ సేవలు కల్పిస్తాయి. అయితే ఇక్కడ అమ్మమ్మలు, పిన్నులు పంచుకునే పని అక్కడ భార్యాభర్తలిద్దరి మీదే పడుతుంది.

"మేం పోయాక వీడిని ఎవరు చూస్తారు?"

ఏ తల్లిదండ్రుల సమావేశంలోనైనా చివరికి వినిపించే ప్రశ్న ఇది. బిడ్డకు 18 నిండితే తల్లిదండ్రులు చట్టం దృష్టిలో దానంతటదే సంరక్షకులుగా కొనసాగరు. అవసరమైతే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. జిల్లా కలెక్టరు స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, వికలాంగులలో ఒకరు అందులో సభ్యులు. కోర్టుకు వెళ్లకుండా జిల్లాలోనే తేలే ఈ పద్ధతి సంగతి చాలా కుటుంబాలకు, బ్యాంకు ఖాతా దగ్గరో ఆస్తి రిజిస్ట్రేషన్ దగ్గరో పని ఆగిపోయాక గానీ తెలియదు. పెద్దలైనవారు కలిసి ఉండే నివాసాలకు ఘరౌందా పథకం ఉంది. అవసరంతో పోలిస్తే అవి లెక్కలోకి రావు. అందుకే బాధ్యత ఎక్కువగా అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ముల మీద పడుతుంది. వారితో చిన్నప్పటి నుంచే దాపరికం లేకుండా మాట్లాడమని, ఆ భారం మాత్రం వారి నెత్తిన ముందే పెట్టవద్దని అనుభవజ్ఞులైన తల్లిదండ్రులు చెబుతారు.

నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలల్లోపు ఆ వ్యక్తి ఆస్తిపాస్తుల జాబితాను కమిటీకి ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపు ఏటా లెక్క చూపాలి. బాగా చూసుకోకపోయినా, ఆస్తి కాజేసినా అతన్ని తొలగించమని తల్లిదండ్రులు, బంధువులు, నమోదైన సంస్థలు అదే కమిటీని కోరవచ్చు.